నిమ్మకాయలు తొక్కిన సైకిలు

"ఏదీ ముట్టుకోవద్దు ఏకాంబరం. సూసేదానికి వచ్చినావు, సూసి పో. అంతే."

తలుపు మీది లక్క ముద్ర పగలగొడుతూ ఇన్‌స్పెక్టరు రాజారత్నం అన్న మాట అది. డిటెక్టివ్ ఏకాంబరం చెప్పులు విప్పి పక్కన పెట్టాడు. పోలీసు ఉద్యోగం వదిలేసి తిరుపతిలో సొంతంగా బోర్డు కట్టుకున్నప్పటి నుంచి రాజారత్నం అతన్ని ఇలాగే పలకరిస్తున్నాడు. ఇద్దరూ ఒకే ఏడు ఉద్యోగంలో చేరారు. ఒకడు ఇన్‌స్పెక్టరయ్యాడు, రెండోవాడు ఆ ఇన్‌స్పెక్టరుకు పక్కలో బల్లెమయ్యాడు.

అది చిత్తూరు సైకిలు సంఘం వాళ్ళ గది. బడి వెనక పాత సామాన్ల కొట్టు ఒకటి అద్దెకు తీసుకుని, ముందు రేకుల వసారా దించి, దానికే సంఘం భవనం అని పేరు పెట్టుకున్నారు. ఆయుధపూజ నాడు సభ్యులందరూ తమ సైకిళ్ళు కడిగి, గంధం బొట్లు పెట్టి, చామంతి దండలు వేసి ఈ గదిలో వరసగా నిలబెట్టారు. పూజయ్యాక తలుపుకు తాళం పడింది. తాళంచెవి వసారాలో బోర్డు వెనక మేకుకు వేలాడుతుంది. ఆ రహస్యం తెలియనివాడు సంఘంలో లేడు.

పూజలో పెట్టిన పనిముట్టును మళ్ళీ విజయదశమి పొద్దున దాకా కదిలించరు. అందుకే ఆ సాయంత్రం సంఘం కార్యదర్శి గోవిందయ్య కాణిపాకానికి కాలినడకన బయలుదేరాడు. సగం దారిలో కల్వర్టు దగ్గర ఎవరో అతని తల మీద రాయితో కొట్టి కిందికి తోసేశారు. తెల్లవారి బండ్లవాళ్ళు శవాన్ని చూశారు.

శవం పక్కన తడి మట్టిలో సైకిలు జాడ ఉంది. మామూలు జాడ కాదు, చెప్పులు కుట్టే దారంతో కుట్లు వేసిన టైరు జాడ. యుద్ధం ముగిసి ఏడాది దాటినా కొత్త టైరు కావాలంటే ఇంకా పర్మిట్టు కావాలి. పర్మిట్టు దొరకనివాడు పాత టైరును గుడ్డలా కుట్టించుకుని తొక్కుతాడు. సంఘంలో అలా కుట్టించుకున్నది ఒక్కడే, మిషను బడిలో లెక్కలు చెప్పే జయరావు. పైగా పూజ నాడు వసారాలో గోవిందయ్యా జయరావూ గట్టిగా వాదించుకోవడం నలుగురు విన్నారు. ఇంకేం కావాలి రాజారత్నానికి? మధ్యాహ్నానికల్లా జయరావు సబ్‌జైల్లో ఉన్నాడు.

ఆ సాయంత్రం అతను ఇంట్లోనే ఉన్నాడని చెప్పేది అతని భార్య జ్ఞానాంబ ఒక్కతే. పెళ్ళాం చెప్పే సాక్ష్యాన్ని ఎవరు పట్టించుకుంటారు? ఆమె నిన్న బస్సెక్కి తిరుపతి వచ్చి ఏకాంబరం వాకిట్లో నిలబడింది. "మా ఆయన్ని ఉరి తీస్తారంట అన్నా" అంది. "నేనున్నాను కదమ్మా" అన్నాడు ఏకాంబరం. అనడం తేలిక. రాత్రంతా ఆ మాటే అతని గుండె మీద కూర్చుంది.

తలుపు తెరుచుకుంది. వాడిన పూల వాసన గుప్పుమంది.

లోపల గోడకు సరస్వతి పటం. దాని ముందు సైకిళ్ళన్నీ వాకిలి వైపు ముఖం పెట్టి నిలబడి ఉన్నాయి. హత్య సంగతి తెలియగానే పోలీసులు గదికి ముద్ర వేశారు కాబట్టి విజయదశమి పొద్దున వాటిని ఎవరూ బయటికి తీయలేదు. ప్రతి చక్రం ముందూ కుంకుమ పూసిన నిమ్మకాయ. ఎండి ముడతలు పడ్డాయి గాని ఏదీ నలగలేదు. వాకిలి పక్కన ఒక సైకిలు పట్టేంత ఖాళీ ఉంది. జయరావు సైకిలు ఉన్న చోటు అదే.

ఏకాంబరం ఆ ఖాళీ దగ్గర గొంతుక్కూర్చున్నాడు. అక్కడి నిమ్మకాయలు రెండూ చితికిపోయి బండకు అంటుకుని ఉన్నాయి. వెనక చక్రం తాలూకు కాయ తొక్క మీద దారం కుట్ల గుర్తు దిగబడి, అలాగే ఎండిపోయింది.

"సైకిలు బయటికి తెచ్చింది ఎవరు?"

"నేనే సార్" అన్నాడు కానిస్టేబులు చిన్నబ్బ.

"తోసుకుంటూ తెచ్చినావా?"

"అయ్యో, తోస్తే మట్టి రాలిపోతాదని ఇన్‌స్పెక్టరు గారు ముందే అరిచినారు. చక్రం నేలకు తగలనీయకుండా భుజాన ఎత్తుకొనే తెచ్చినా. ఇదో సూడండి, పెడలు గీసుకొని ఎట్లా ఉండాదో."

చిన్నబ్బ చొక్కా పక్కకు లాగి భుజం చూపించాడు. ఏకాంబరం లేచి నిలబడ్డాడు. అయిదేళ్ళ డిటెక్టివు బతుకులో ఇంత సులువుగా దొరికిన ఆధారం ఇదొక్కటే.

"రాజారత్నం, నువ్వు సైకిలు ఎత్తించకముందే ఈ కాయలు నలిగినాయి. అంటే పూజ నాటి సాయంత్రమే ఎవడో దీన్ని బయటికి తీసి, పని కాగానే మళ్ళా తెచ్చి పెట్టినాడు. తీసేటప్పుడు నిమ్మకాయల మీద నుంచే తోసినాడు."

"ఎవడో ఏంటప్పా? జయరావే. నేను చెప్పేదీ అదే కదా." ఇన్‌స్పెక్టరు పెదవి విరిచాడు. "నాకు ఇంకో సాక్ష్యం దొరికినట్టే. నీకు పుణ్యముంటాది."

అప్పుడు గడప బయట నుంచి ఒక నవ్వు వినిపించింది.

"ఆయప్పా? నిమ్మకాయలు తొక్కిస్తాడా? బాగుండాది సార్!"

నవ్వినవాడు మునిరామయ్య, సంఘం కెప్టెను. మామిడికాయల మండీ యజమాని, పోయిన ఏడు చిత్తూరు నుంచి తిరుపతి దాకా జరిగిన పందెంలో వెండి కప్పు గెలిచినవాడు. గది తెరిపిస్తున్నారని కబురు పెడితే వచ్చాడు గాని, వచ్చినప్పటి నుంచి గడప దాటి లోపలికి అడుగు పెట్టలేదు. వసారా స్తంభానికి దూరంగా, ఎవరికీ తగలకుండా నిలబడి ఉన్నాడు. గడ్డం మాసి ఉంది. ఏకాంబరం ఇదంతా గమనించి మనసులో పెట్టుకున్నాడు. తప్పు చేసినవాడికి దేవుడి పటం ఎదుట నిలబడడం కష్టం.

"ఎందుకు నవ్వుతా ఉండారు మునిరామయ్యా?" అని మెల్లగా అడిగాడు.

"నవ్వు రాదా మరి? అయ్యోరు కిరస్తానం. సంఘంలో ఉండాడని సైకిలు తెచ్చి పెడతాడు, మా బొట్లూ దండలూ గమ్మున పెట్టనిస్తాడు. కానీ పొద్దున తీసేటప్పుడు సూడాల! మేమంతా గోవిందా అని నిమ్మకాయల మీద తోస్తామా, ఈయన వంగి రెండు కాయలూ చేత్తో తీసి, తుడిసి, జేబులో వేసుకొని, అప్పుడు తీస్తాడు సైకిలు. ఇంటికి తీసకపోయి మజ్జిగలో పిండుకుంటాడంట. ఏటా అదే ఎగతాళి మాకు."

ఏకాంబరం గడప దగ్గరికి వచ్చాడు. "ఏటా అంతేనా?"

"సంఘంలో చేరినప్పటి నుంచీ అంతే."

"విన్నావా రాజారత్నం? ఏటా చేత్తో తీసేవాడు ఈ ఏడు ఎందుకు తొక్కిస్తాడు? ఇది జయరావు పని కాదు. పూజలో ఉన్న సైకిలును నిమ్మకాయ తొక్కించకుండా కదిలించడానికి భయపడినవాడి పని. హత్య చేయడానికి పోతా కూడా వాడు ఆ భయం వదలలేకపోయినాడు. తెల్లారితే అందరివీ నలిగేవే కదా, ఎవరు సూస్తారులే అనుకున్నాడు. శవం దొరికింది, నువ్వు ముద్ర వేసినావు, మిగతావి నలగలేదు. అక్కడ దొరికిపోయినాడు!"

వసారాలో నవ్వు ఆగిపోయింది. మునిరామయ్య కండువా తీసి ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక ఆ ముఖం ఇందాకటి ముఖం కాదు.

"మునిరామయ్యా, ఇప్పుడు చెప్పింది కోర్టులో చెప్తారా?"

"కోర్టా? ఏమో సార్. ఎప్పుడో ఒకసారి సూసినట్టు గుర్తు. ప్రతి ఏడూ నేను ఆయప్పనే సూస్తా కూర్చుంటానా?"

"ఇప్పుడే కదా ఏటా అన్నారు!"

"నవ్వులకు ఏదో అంటాం. నవ్వులకు అన్నదంతా కోర్టుకు వస్తాదా?"

రాజారత్నం గట్టిగా నవ్వాడు. "అయిపాయె! ఏకాంబరం, జడ్జి ముందర నిమ్మకాయను బోనెక్కిస్తావా? పేరేమి అంటే ఏం చెప్తాది? తొందరలో కళ్ళు కనపడక తొక్కించినాడని నేనంటే నీ దగ్గర జవాబుండాదా?"

మిగతా సభ్యులను అడుగుదామా అంటే, వాళ్ళందరికీ గోవిందయ్య తోడబుట్టిన అన్న లెక్క. అతన్ని చంపాడని ఊరంతా అనుకుంటున్నవాడి కోసం ఒక్కడైనా నోరు తెరవడు. కళ్ళ ముందు నిజం బండకు అంటుకుని ఎండిపోయి ఉంది, దాన్ని ఎవరికీ చూపించడానికి లేదు. ఏకాంబరానికి ఏడుపొచ్చినంత పనైంది. ఏడుపు రాలేదు గాని ఒక ఆలోచన వచ్చింది. అది రాకుండా ఉంటే ఎంత బాగుండేదో!

నిమ్మకాయకే భయపడినవాడు కాణిపాకం వినాయకుడి ఎదుట అబద్ధం ఆడగలడా? ఈ చుట్టుపక్కల ఎంత తెగించినవాడైనా, కోనేట్లో మునిగి తడిబట్టలతో స్వామి ముందు నిలబడి అబద్ధపు ప్రమాణం చేయడు. గట్టు తగాదాలు, దొంగతనాలు, ఆలుమగల గొడవలు, కోర్టుల్లో తెగనివన్నీ అక్కడ తెగుతాయి.

"సరే, కోర్టు వద్దు. కాణిపాకం పోదాం" అన్నాడు ఏకాంబరం. "ఈ ఆదివారం సంఘమంతా సైకిళ్ళ మీద బయలుదేరుదాం. ప్రతి సభ్యుడూ స్వామి ఎదుట ప్రమాణం చేయాల, ఆ సాయంత్రం ఈ సైకిలు నేను తీయలేదు అని. జయరావుతో సహా. ఎవడు వెనక్కి తగ్గితే వాడే."

రాజారత్నం ఎగిరి పడతాడనుకున్నాడు. ఇన్‌స్పెక్టరు ఎగిరి పడలేదు. ఒకసారి మునిరామయ్య వైపు చూశాడు, ఇంకోసారి చితికిన నిమ్మకాయల వైపు చూశాడు, తర్వాత మీసం కింద చిన్నగా నవ్వుకున్నాడు.

"మంచి మాట. మేజిస్ట్రేటుతో నేను మాట్లాడతా. ముద్దాయిని నా కాపలాలో తీసుకొస్తా. మాట మీద నిలబడతావా?"

"నిలబడతా."

"అయితే బోర్డు మీద రాయించు."

వసారాలో నల్లబోర్డు మీద గోవిందయ్య గుండ్రటి అక్షరాలు ఇంకా ఉన్నాయి. వారం వారం సంఘం వార్తలు రాసేది అతనే. 'చైను నూనె దొరకలేదు, ఆముదంతో సరిపెట్టుకోండి. వచ్చే నెల తిరుపతి పందెం, పేర్లు ఇవ్వాల్సినవాళ్ళు ఇవ్వండి. ఆదివారం సవారి:' అని రాసి, ఎక్కడికో రాయకుండానే వెళ్ళిపోయాడు. బోర్డు మీద ఉంటే సవారి ఉన్నట్టు, తుడిచేస్తే లేనట్టు. వానొచ్చినా, ఎవరి ఇంట్లో కష్టమొచ్చినా గోవిందయ్య బోర్డు తుడిచేసేవాడు, ఇంక ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. ఊళ్ళో అందరికీ తెలిసిన పద్ధతి అది.

ఏకాంబరం సుద్దముక్క తీసి మునిరామయ్యకు అందించబోయాడు. "కెప్టెను మీరు కదా. రాయండి."

మునిరామయ్య చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. "స్వామి పేరు రాయాల కదా. మీరే రాయండి సార్. మాట మీది."

చూశావా, రాయడానికే చెయ్యి రావడం లేదు అనుకున్నాడు ఏకాంబరం. వేటగాడికి ఉండే సంతోషం లోపల గంతులేస్తుంటే, పెద్ద అక్షరాలతో తనే రాశాడు. 'కాణిపాకం. శ్రీ వరసిద్ధి వినాయకస్వామి ఎదుట సభ్యులందరి ప్రమాణం. ఊరివారందరూ రావచ్చు.' చివరి మాట ఎవరూ అడగకుండానే ఉత్సాహం కొద్దీ చేర్చాడు.

* * *

సబ్‌జైలు కటకటాల ముందు జ్ఞానాంబ టిఫిన్ క్యారియరు విప్పి కూర్చుని ఉంది. లోపల జయరావు. సన్నటి మనిషి, కళ్ళజోడు ఒక పక్క విరిగితే దారం కట్టుకున్నాడు.

నిమ్మకాయల సంగతి వినగానే అతని ముఖం వికసించింది. "నాకే తోచలేదు సార్ అది! జ్ఞానా, విన్నావా? నిమ్మకాయలు!"

"దేవుడు మీ కళ్ళకు సూపించినాడన్నా" అంది జ్ఞానాంబ. మూడు రోజుల తర్వాత ఆమె కళ్ళల్లో మొదటిసారి కాస్త వెలుగు కనిపించింది. ఏకాంబరానికి తృప్తిగా అనిపించింది.

"ఇప్పుడు చెప్పండి. గోవిందయ్యతో ఆ రోజు దేనికి వాదన?"

జయరావు తల వంచుకున్నాడు. "పోయిన ఏడు పందెంలో మునిరామయ్య మొదట వచ్చినాడు, నేను రెండు. చంద్రగిరి ముందర మిట్ట ఉండాది సూడండి, ఆడ బొగ్గు గ్యాసు బస్సు నిదానంగా ఎక్కతా ఉండింది. ఆయప్ప దాని వెనక నిచ్చెన పట్టుకొని మిట్టంతా ఎక్కేసినాడు. నా కళ్ళారా సూసినా. ఓడిపోయినోడి మాట ఎవురు నమ్ముతారని ఏడాది గమ్మునున్నా. మళ్ళా పందెం వస్తా ఉండాది కదా, మనసు ఒప్పక పూజ నాడు గోవిందయ్యకు చెప్పేసినా. ఇంతకాలం ఎందుకు దాచినావని కేకలేసినాడు. అదే సార్ వాదన."

"తర్వాత?"

"బోర్డు మీద రాసేస్తా, కప్పు వెనక్కి తీసుకుంటా అన్నాడు. కానీ మునిరామయ్యది ఊళ్ళో పెద్ద పరువు. పొరపాటైతే ఎట్లని ఆలోచించి, స్వామిని అడిగి వచ్చినాకే రాస్తానని కాణిపాకం బయలుదేరినాడు. పోయే ముందర మునిరామయ్యతో ఒక మాట చెప్పిపోతా అన్నాడు."

ఏకాంబరం అరచేతిలో గుద్దుకున్నాడు. కారణం కూడా దొరికింది! సాక్ష్యం లేకపోతేనేం, ఆదివారం ఆ మనిషే స్వామి ఎదుట నీళ్ళు నములుతాడు. ఆ ఊపులో ప్రమాణం సంగతి అంతా చెప్పాడు, బోర్డు మీద రాసిన మాటలతో సహా.

జ్ఞానాంబ చేతిలోని గరిట ఆగిపోయింది.

జయరావు విరిగిన కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"ఏమైంది?" అన్నాడు ఏకాంబరం.

"అన్నా" అంది జ్ఞానాంబ. "నిమ్మకాయ తొక్కించనోడు ప్రమాణం యాడ చేస్తాడన్నా?"

ఏకాంబరానికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కటకటాల ఊచ పట్టుకున్నాడు.

"నేను విగ్రహం ముందర ఒట్టు పెట్టలేను సార్" అన్నాడు జయరావు, తప్పు చేసిన పిల్లవాడిలా. "కోర్టులో బైబిలు మీద చెయ్యి పెట్టమంటే పెడతా. మా గుడిలో మోకాళ్ళ మీద నిలబడి చెప్పమంటే చెప్తా."

"అది ఊరు ఒప్పుకోదయ్యా! ఒక్క మాట. నోటితో అంటే చాలు. మనసులో మీ దేవుణ్ణే తలుచుకో. ఎవరికి తెలుస్తాది?"

"అట్లా అనగలిగేవాణ్ణయితే నిమ్మకాయలూ తొక్కించేవాణ్ణి కదా సార్. అప్పుడు మీకీ ఆధారమే దొరికేది కాదు."

నిజమే. అతను ఎలాంటివాడో పొద్దున ఇన్‌స్పెక్టరుకు గొంతు చించుకుని చెప్పింది ఏకాంబరమే. ఆ మనిషికే ఈ ఉచ్చు పన్నిందీ ఏకాంబరమే. రాజారత్నం మీసం కింద నవ్వు ఇప్పుడు గుర్తొచ్చింది. నిమ్మకాయల వైపు ఎందుకు చూశాడో ఇప్పుడు తెలిసింది.

"పోనీ" అన్నాడు, మునిగేవాడు గడ్డిపోచ వెతుక్కున్నట్టు. "మునిరామయ్య కూడా ప్రమాణం చేయలేడు. ఇద్దరూ చేయకపోతే నిన్నొక్కణ్ణే ఎట్లా అంటారు?"

జయరావు ఆశ్చర్యంగా చూశాడు. "మునిరామయ్య గుడికి యాడ వస్తాడు సార్? గోవిందయ్యకు దాయాది కదా, వాళ్ళిద్దరిదీ ఒకే ఇంటిపేరు. కర్మ దివసాలు అయ్యేదాకా ఆయప్పకు మైల. గుడి గడప తొక్కకూడదు. మీకు తెలీదా?"

చిత్తూరంతా తెలిసిన సంగతి డిటెక్టివుకు తెలియలేదు. దేవుడి పటం ఉన్న గదిలోకి ఎందుకు రాలేదో, ఎవరికీ తగలకుండా ఎందుకు నిలబడ్డాడో, గడ్డం ఎందుకు మాసిందో, స్వామి పేరు రాయమంటే చేతులు ఎందుకు వెనక్కి పెట్టుకున్నాడో! భయం అనుకున్నదంతా మైల. గోవిందయ్య చావు వల్ల వచ్చిన మైల. చంపినవాణ్ణి ప్రమాణం నుంచి తప్పిస్తున్నది ఆ చావే. వెనక్కి తగ్గినవాడే హంతకుడు అని ఊరివాళ్ళందరినీ పిలిచాడు తను. ఆదివారం అక్కడ వెనక్కి తగ్గేది ఒక్క జయరావే.

"గోవిందయ్య మనుషులు కర్రలు తీసుకొని వస్తారు" అంది జ్ఞానాంబ. ఆమె ఏడవడం లేదు. "పోలీసులు ఎంతమందిని ఆపుతారు? కోర్టు దాకా కూడా రానీరు ఈయన్ని."

"జ్ఞానా, ఊరుకో."

"ఎందుకు ఊరుకోవాల? అన్నా, మీరే కదా రాసినారు. మీరే పోయి తుడిపేయండి. తుడిపేస్తే ఎవరూ రారు. గోవిందయ్య ఉన్నప్పటి నుంచీ అంతే కదా? పొండి, ఇప్పుడే పొండి."

ఏకాంబరం పరుగులాంటి నడకతో బయటపడ్డాడు.

* * *

పొద్దు వాలుతోంది. సంఘం వసారాలో ఎవరూ లేరు గాని, వచ్చి చదివి వెళ్ళినవాళ్ళ అడుగులు మెట్ల మీద బురదలో కనిపిస్తున్నాయి. దారిలో బండ్లవాళ్ళు ఆదివారానికి బాడుగలు మాట్లాడుకుంటుండగా అతను విన్నాడు.

బోర్డు కింద చెక్కకు వేలాడుతున్న గుడ్డ తీసుకున్నాడు. 'ఊరివారందరూ రావచ్చు' మీద పెట్టి ఒక్కసారి రుద్దాడు. అది పోయింది. 'సభ్యులందరి ప్రమాణం' పోయింది. గుడ్డ పైకి జరిగి స్వామి పేరు దగ్గరికి వచ్చింది.

అక్కడ చెయ్యి ఆగింది.

ఏకాంబరం భక్తుడేమీ కాదు. ఏడాదికొకసారి కొండెక్కుతాడు, పరీక్షలున్నప్పుడు మాత్రం దేవుణ్ణి తలుచుకునే పిల్లవాడిలా కేసు ముడిపడినప్పుడు మొక్కుకుంటాడు, అంతే. అయినా 'శ్రీ వరసిద్ధి వినాయకస్వామి' అన్న అక్షరాల మీద, ప్రమాణానికని రాసిన పేరు మీద, చైను మసి తుడిచిన ఆ గుడ్డ పెట్టడానికి అతని చెయ్యి రాలేదు. తిట్టుకున్నాడు. అవతల ఒక మనిషి ప్రాణం అని తనకు తాను చెప్పుకున్నాడు. మంచి గుడ్డ ఉంటే బాగుండునని జేబులో రుమాలు కోసం కూడా వెతికాడు.

"రాదు సార్."

ఏకాంబరం ఉలిక్కిపడి తిరిగాడు. మెట్ల కింద, వసారాకు దూరంగా మునిరామయ్య నిలబడి ఉన్నాడు. ఎప్పటి నుంచి ఉన్నాడో!

"చెయ్యి రాదు. నాకు తెలుసు" అన్నాడు నెమ్మదిగా. గొంతులో ఎగతాళి లేదు, బాగా అలసిపోయినవాడి గొంతు. "అయ్యోరి సైకిలైతే పూజ లెక్కలోకి రాదనుకున్నా. మన దేవుణ్ణి నమ్మనోడిది కదా, కదిలిస్తే పాపం అంటుకోదులే అని అదే ఎంచుకున్నా. తీరా చక్రం కాయకు తగిలినాక, వంగి పక్కకు తీసేదానికి నా చెయ్యి రాలేదు. మీ మాదిరే నిలబడిపోయినా, శానా సేపు. ఆఖరికి దండం పెట్టుకొని తొక్కించినా."

ఏకాంబరం చుట్టూ చూశాడు. వీధిలో దూరంగా ఒక ఆవు, దాన్ని తోలుకెళ్తున్న ముసలామె. వినేవాళ్ళు ఎవరూ లేరు.

"ఎందుకు చెప్తున్నావు నాకు?"

"ఎవరికో ఒకరికి చెప్పాల కదా సార్. స్వామికి చెప్పేదానికి లేదు, మైల." మునిరామయ్య కళ్ళు తుడుచుకున్నాడు. "బస్సు పట్టుకోలేదని ప్రమాణం చేయి, నాతో నడువు అన్నాడు గోవిందన్న. చేయలేనని చెప్పేదానికే వెనక పోయినా. కొట్టేదానికి కాదు."

"ఇదే మాట ఇన్‌స్పెక్టరుతో చెప్పు! జయరావు బతుకుతాడు. నీకు పుణ్యముంటాది మునిరామయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటా!"

మునిరామయ్య ఒక అడుగు ముందుకు వేశాడు. చెబుతాడేమో అనిపించింది. నిజంగా అనిపించింది. తర్వాత అతను తల అడ్డంగా ఊపాడు.

"నాకూ పిల్లోళ్ళు ఉండారు సార్." రెండడుగులు వేసి, మళ్ళీ ఆగాడు. "ఆ మిగిలింది తుడిపేస్తారేమో, తుడిపేయండి. నేనడ్డం రాను. కానీ ఊరంతా ఇప్పటికే సదివింది. అయ్యోరి తరఫు మనిషి ప్రమాణానికి భయపడి స్వామి పేరే సెరిపేసినాడంటారు. అప్పుడు కాణిపాకం దాకా కూడా ఆగరు, నేరుగా జైలు కాడికే వస్తారు."

అతను కండువా దులుపుకుని, మెట్లకు తగలకుండా చుట్టు తిరిగి వెళ్ళిపోయాడు.

గుడ్డ పట్టుకుని ఏకాంబరం అక్కడే నిలబడ్డాడు. వీధి మలుపులో జ్ఞానాంబ వస్తోంది. తుడిచాడో లేదో చూసుకోవడానికి, ఖాళీ టిఫిన్ క్యారియరు ఊపుకుంటూ, త్వరత్వరగా నడుస్తోంది.